పెళ్లి వీడియోలోంచి ఫొటో తీస్తే ముఖం సాగిపోతోందా? 720, 1024 మధ్య ఉన్న కిటుకు ఇదే!

ఇంట్లో పెద్దాయన కాలం చేశారు. పదో రోజుకి దండ వేయడానికి ఫొటో కావాలి. ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప విడిగా తీయించుకున్నది ఒక్కటీ లేదు. అప్పుడు ఎవరికో గుర్తొస్తుంది.. పదిహేనేళ్ల కిందటి పెళ్లి డీవీడీలో ఆయన కన్యాదానం పీటల మీద కూర్చుని చక్కగా నవ్వుతూ ఉంటారని. డీవీడీ వెతుకుతారు, కంప్యూటర్‌లో వేస్తారు, ఆ క్షణం దగ్గర ఆపి ఫొటో తీస్తారు. తీరా చూస్తే ముఖం కోలగా, చెంపలు లోపలికి పోయి, ఏదో జబ్బు చేసిన మనిషిలా కనిపిస్తారు. వీడియోలో బాగానే ఉన్న మనిషి ఫొటోలోకి వచ్చేసరికి ఎందుకిలా మారిపోయారు?

చాలామంది దీన్ని క్వాలిటీ సమస్య అనుకుని ఏవేవో యాప్‌లలో వేసి ముఖాన్ని నునుపు చేస్తారు. దాంతో ఉన్న పోలిక కూడా పోతుంది. అసలు సమస్య వెడల్పు, ఎత్తుల నిష్పత్తిది. దాన్ని సరిచేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక్క గుణకారం చాలు. కాకపోతే ఏ అంకెతో గుణించాలో తెలియాలి.

నొక్కి దాచిన బొమ్మ

1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ సినిమా. సినిమాస్కోప్‌లో జరిగేదేమిటంటే, కెమెరాకి ఒక ప్రత్యేకమైన లెన్స్ పెడతారు. అది వెడల్పాటి దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్మ్ మీద పడేలా చేస్తుంది. ఆ ఫిల్మ్ ముక్కని చేతిలో పట్టుకుని వెలుతురులో చూస్తే మనుషులు పుల్లల్లా సన్నగా ఉంటారు. థియేటర్‌లో ప్రొజెక్టర్‌కి ఉండే లెన్స్ మళ్లీ అడ్డంగా విప్పుతుంది కాబట్టి తెర మీద అంతా మామూలుగా కనిపిస్తుంది. పాత సినిమాలు టీవీలో వేసినప్పుడు టైటిల్స్ పడేంతసేపూ మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపించడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. టైటిల్స్‌లో పేర్లు కత్తిరించకుండా మొత్తం కనబడాలని విప్పకుండా వదిలేసేవాళ్లు.

డీవీడీ కూడా ఇదే పని చేస్తుంది. లెన్స్‌తో కాదు, లెక్కతో. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో డీవీడీలో ప్రతి ఫ్రేమ్ 720×576 చుక్కలే. పాత చదరపు టీవీ కోసం తీసిన 4:3 వీడియో అయినా, వెడల్పు టీవీ కోసం తీసిన 16:9 వీడియో అయినా అదే 720, అదే 576. మరి తేడా ఎక్కడుంది? ఫైల్‌లో ఒక చిన్న చీటీ లాంటిది ఉంటుంది. 'దీన్ని 16:9గా చూపించు' అనో, '4:3గా చూపించు' అనో అందులో రాసి ఉంటుంది. ప్లేయర్ ఆ చీటీ చదివి బొమ్మని అడ్డంగా విప్పుతుంది. 16:9 అయితే 720ని 1024 చేస్తుంది. 4:3 అయితే 768 చేస్తుంది. ఎత్తు 576 అలాగే ఉంటుంది.

ఫొటో తీసే సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని ఈ చీటీని పట్టించుకోవు. లోపల ఉన్న 720×576 చుక్కల్ని ఉన్నవి ఉన్నట్టు జేపీజీలో పడేస్తాయి. పోనీ చీటీని ఫొటోతో పాటు పంపుతాయా అంటే, చాలాసార్లు అదీ ఉండదు. ఫొటోలో ప్రతి చుక్కా సరిసమానమైన చదరమే అనుకుని గ్యాలరీ యాప్ దాన్ని చూపిస్తుంది. మనిషి దాదాపు 30 శాతం సన్నబడతాడు. అదీ జరిగింది.

అమెరికాలో ఉన్నవాళ్ల సంగతి కొంచెం వేరు. అక్కడ ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. ఫ్రేమ్ 720×480. 16:9 అయితే 854×480కి, 4:3 అయితే 640×480కి మార్చాలి. ఇక్కడో తమాషా ఉంది. అక్కడి 4:3 వీడియోని అలాగే తీస్తే మనుషులు సన్నగా కాకుండా కాస్త లావుగా వస్తారు. డల్లాస్‌లో చేసిన పుట్టినరోజు వీడియోకీ, గుంటూరులో తీసిన పెళ్లి వీడియోకీ ఒకే లెక్క పనికిరాదు.

గుండ్రంగా ఉన్నదేదో వెతకండి

ఇప్పుడు మీ చేతిలో ఒక ఫొటో ఉంది. నిష్పత్తి సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కంటిని నమ్మొద్దు. ఒకే బొమ్మని పదిసార్లు చూస్తే అదే నిజమని కన్ను సర్దుకుపోతుంది. అదే వీడియోలో ముందుకీ వెనక్కీ జరిపి, గుండ్రంగా ఉండే వస్తువు కెమెరాకి ఎదురుగా కనిపించే ఫ్రేమ్ పట్టుకోండి. గోడ గడియారం చాలా మంచిది. పక్క నుంచి తీసిన కారు చక్రం కూడా పనికొస్తుంది. తలంబ్రాల పళ్లెం, హోమగుండం లాంటివి వద్దు. వాటిని పై నుంచి ఏటవాలుగా తీస్తారు కాబట్టి అవి ఎలాగూ కోడిగుడ్డు ఆకారంలోనే కనిపిస్తాయి.

ఆ వృత్తం అడ్డం ఎన్ని చుక్కలుందో, నిలువు ఎన్ని చుక్కలుందో కొలవండి. పెయింట్‌లో దాని చుట్టూ సెలెక్ట్ చేస్తే కింద అంకెలు కనిపిస్తాయి. అడ్డాన్ని నిలువుతో భాగించండి. దాదాపు 1 వస్తే బొమ్మ సరిగ్గా ఉన్నట్టే. 0.70 దగ్గర వస్తే పాల్ 16:9 వీడియోని విప్పకుండా తీశారని అర్థం, వెడల్పు 1024 చేయాలి. 0.94 దగ్గర వస్తే పాల్ 4:3 వీడియో, 768 చేయాలి. 0.75 వస్తే వెడల్పు వీడియోని ఎవరో చదరపు టీవీ సైజులోకి నొక్కేశారు. 1.33 వస్తే తిరకాసు, చదరపు వీడియోని వెడల్పుకి సాగదీశారు.

ఉదాహరణకి 720×576 ఫొటోలో గోడ గడియారం నిలువు 90, అడ్డం 64 చుక్కలు వచ్చిందనుకోండి. 64ని 90తో భాగిస్తే 0.71. కొలతలో ఒకటి రెండు చుక్కలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఇది 0.70 కిందే లెక్క. వెడల్పు 1024 చేసేయొచ్చు.

కొలిచే ఓపిక లేకపోతే మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫోన్‌లో కూడా దొరుకుతుంది. వీడియో ఫైల్‌ని అందులో తెరిస్తే వెడల్పు, ఎత్తు, 'డిస్‌ప్లే యాస్పెక్ట్ రేషియో' చూపిస్తుంది. ఫైల్‌లోని చీటీ ఇదే. అయితే చీటీ తప్పు కూడా కావచ్చు, ఎడిటింగ్ చేసినవాళ్లు తప్పు సెట్టింగ్‌తో ఎగుమతి చేసి ఉండొచ్చు. గడియారం చెప్పేదీ చీటీ చెప్పేదీ వేరైతే గడియారాన్నే నమ్మండి.

సరిచేయడం రెండు నిమిషాల పని. పెయింట్‌లో ఫొటో తెరిచి రీసైజ్ నొక్కి, పిక్సెల్స్ ఎంచుకోండి. 'మెయింటైన్ యాస్పెక్ట్ రేషియో' అనే గడిలో టిక్ తీసేయండి. మామూలుగా ఆ టిక్ మనకి రక్షణ, ఇక్కడ మాత్రం అదే అడ్డం. వెడల్పు 1024, ఎత్తు 576 అని కొట్టి ఓకే అనండి, అంతే. ఫోన్‌లో అయితే వెడల్పు, ఎత్తు విడివిడిగా టైప్ చేయనిచ్చే రీసైజ్ యాప్ కావాలి. అందులో రెండు అంకెల మధ్య తాళం గుర్తో, గొలుసు గుర్తో ఉంటుంది, దాన్ని విప్పాలి.

నల్ల పట్టీలు ఉంటే ముందు ఆగండి

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. బొమ్మ వెడల్పుగా ఉంది కదా, కాబట్టి 16:9 అనుకుంటారు. కానీ పైనా కిందా నల్ల పట్టీలు వీడియోలోనే అచ్చయి ఉంటే అది చాలావరకు 4:3 వీడియోనే. వెడల్పు దృశ్యాన్ని చదరపు ఫ్రేమ్ మధ్యలో ఇమిడ్చి, మిగిలిన చోట నల్లరంగు నింపారన్నమాట. అప్పట్లో 'సినిమా లుక్' అని కొందరు వీడియోగ్రాఫర్లు కావాలనే ఈ పట్టీలు వేసేవాళ్లు. దీన్ని 1024 చేస్తే మనుషులు లావెక్కిపోతారు. ముందు 768×576 చేయండి, ఆ తర్వాత నల్ల పట్టీలు కత్తిరించండి. కత్తిరింపు ముందు చేస్తే ఏ లెక్కతో ఏది మార్చాలో మీకే అర్థం కాకుండా పోతుంది.

పెళ్లి వీడియోల్లో ఇంకో చిక్కుంది. వధూవరుల బొమ్మని గులాబీ పువ్వులోనో, గుండె ఆకారంలోనో పెట్టి తిప్పడం, మూలకి నొక్కడం, సాగదీయడం. ఆ మిక్సింగ్ ఎఫెక్టుల్లో ఉన్న బొమ్మకి ఏ లెక్కా వర్తించదు. అదే సన్నివేశం ఎఫెక్ట్ లేకుండా ఇంకో చోట ఉందేమో చూసుకోవడమే మేలు.

వీహెచ్ఎస్ క్యాసెట్లని డిజిటల్‌గా మార్పించిన వాళ్ల కష్టం వేరే. క్యాసెట్‌లో ఉన్నది 4:3 బొమ్మ. కస్టమర్ ఇంట్లో పెద్ద ఎల్ఈడీ టీవీ ఉంటుంది, పక్కల నల్లగా ఉంటే 'సగమే వచ్చింది' అంటారని కొన్ని షాపులవాళ్లు మొత్తం టీవీ నిండేలా లాగి 1920×1080 ఫైల్ చేసి ఇస్తారు. ఇందులో చీటీ కూడా సరిగ్గానే 16:9 అని ఉంటుంది, బొమ్మే తప్పు. ఇలాంటి ఫైల్ నుంచి ఫొటో తీస్తే వెడల్పు తగ్గించాలి. 1920ని 1440 చేయండి, ఎత్తు 1080 ఉంచండి. ఇంకా మార్పించని క్యాసెట్లు ఉంటే మాత్రం షాపులో ముందే చెప్పండి, '4:3లోనే ఇవ్వండి, సాగదీయొద్దు' అని. పక్కన నల్లగా ఉంటే నష్టమేమీ లేదు.

స్క్రీన్‌షాట్ మంచిదా, ఫ్రేమ్ తీయడం మంచిదా?

ఇది వీడియోని బట్టి ఉంటుంది. మీ ఫోన్‌తో తీసిన కొత్త వీడియో అయితే అందులోని చుక్కలు చదరాలే. విప్పడం, నొక్కడం ఏమీ ఉండదు. అలాంటప్పుడు స్క్రీన్‌షాట్ కంటే ఫ్రేమ్ తీసుకోవడమే నయం. గూగుల్ ఫొటోస్‌లో వీడియో తెరిచి ఎడిట్‌లోకి వెళ్తే 'ఎక్స్‌పోర్ట్ ఫ్రేమ్' అని ఉంటుంది. శాంసంగ్ ఫోన్ల వీడియో ప్లేయర్‌లో ఫొటో తీసే గుర్తు విడిగా ఉంటుంది. 4కే వీడియో నుంచి ఇలా తీస్తే 3840×2160, అంటే సుమారు 83 లక్షల చుక్కల ఫొటో వస్తుంది. అదే స్క్రీన్‌షాట్ అయితే మీ ఫోన్ తెరకి ఎన్ని చుక్కలుంటే అంతే.

పాత డీవీడీ ఫైల్ అయితే లెక్క తిరగబడుతుంది. వీఎల్‌సీ లాంటి మంచి ప్లేయర్ చీటీ చదివి బొమ్మని సరిగ్గా విప్పి తెర మీద చూపిస్తుంది కాబట్టి, ఏదో తెలియని యాప్‌తో ఫ్రేమ్ తీయడం కంటే తెర మీద కనిపించేదాన్ని పట్టుకోవడమే భద్రం. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ఉంటే స్పేస్ బార్‌తో వీడియో ఆపండి, 'ఈ' నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు కదులుతుంది, కళ్లు తెరిచి ఉన్న ఫ్రేమ్ దొరికాక షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కండి. విండోస్‌లో అయితే పిక్చర్స్ ఫోల్డర్‌లో ఫొటో పడుతుంది. దాని సైజు 1024×576 వచ్చిందో లేక 720×576 వచ్చిందో మాత్రం ఒకసారి చూసుకోండి.

ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు రెండు వేళ్లతో వీడియోని పెద్దది చేసి తెర నింపే అలవాటు మానుకోవాలి. ఇప్పటి ఫోన్ తెరలు 16:9 కంటే పొడుగు. 2400×1080 తెర మీద 16:9 వీడియో ఆడితే అసలు బొమ్మ మధ్యలో 1920×1080 ఉంటుంది, అటూ ఇటూ 240 చుక్కల చొప్పున నల్లగా ఉంటుంది. తెర నింపితే పైన 135, కింద 135 చుక్కలు ఎగిరిపోతాయి. గ్రూప్ ఫొటోలో వెనక వరస వాళ్ల తలలు పోయేది ఇక్కడే. కొన్ని ప్లేయర్లలో 'స్ట్రెచ్' అనే మోడ్ ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. తలలు పోవు గానీ అందరూ లావైపోతారు. 'ఫిట్' లేదా 'బెస్ట్ ఫిట్' పెట్టుకుని, స్క్రీన్‌షాట్ తీశాక పక్కల నలుపు కత్తిరించుకోండి. ఓటీటీ యాప్‌లలో స్క్రీన్‌షాట్ నల్లగా వస్తే ఫోన్ పాడైందనుకోవద్దు, కాపీ చేయకుండా వాళ్లు పెట్టిన తాళం అది.

దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే?

నిష్పత్తి సరైపోయినా, చెయ్యి కదిలిన చోట, తల తిప్పిన చోట అడ్డంగా సన్న గీతలు వస్తుంటాయి. పాత టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేమ్‌లు ఉన్నా, ఒక్కో ఫ్రేమ్ రెండు వేర్వేరు క్షణాల్లో తీసిన సగం సగం గీతల కలయిక. సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతవి. మనిషి కదలకపోతే రెండూ అతుక్కుంటాయి. కదిలితే దువ్వెన పళ్లలా విడిపోతాయి. వీఎల్‌సీలో 'డీ' నొక్కితే డీఇంటర్‌లేస్ అవుతుంది, గీతలు పోతాయి. పద్ధతిని బట్టి కొంత వివరం కూడా పోవచ్చు. అందుకే అక్షింతలు వేస్తున్న క్షణం కంటే, మంత్రాలు వింటూ కదలకుండా కూర్చున్న క్షణం వెతకడం మంచిది. ఇంకో మాట, ఫొటో చిన్నది చేయడం, సాగదీయడం లాంటివన్నీ ఈ గీతలు పోయిన తర్వాతే. ముందే చేస్తే గీతలు బొమ్మలో కలిసిపోయి ఇక వదలవు.

సీసీటీవీలో అయితే పోలికే పోతుంది

పెళ్లి ఫొటోలో ముఖం కోలగా వస్తే మనసు బాధపడుతుంది. తప్పిపోయిన మనిషి ఫొటోలో అలా వస్తే చూసినవాళ్లు గుర్తుపట్టరు. న్యూస్ గ్రూపుల్లో తిరిగే సీసీటీవీ ఫొటోల్లో సన్నగా సాగిన మనుషుల్ని మీరు చూసే ఉంటారు. అపార్టుమెంట్లు, దుకాణాల్లో పెట్టే డీవీఆర్ పెట్టెల్లో '1080ఎన్' అనే రకం ఉంది. ఇది జాగా మిగల్చడానికి వెడల్పుని సగానికి తగ్గించి 960×1080గా రికార్డు చేస్తుంది. మానిటర్ మీద చూసేటప్పుడు మళ్లీ విప్పి చూపిస్తుంది కాబట్టి తేడా తెలియదు. ఆ ఫైల్ నుంచి ఫ్రేమ్ తీసి వాట్సాప్‌లో పెట్టినప్పుడు మాత్రం మనిషి వెడల్పు సగమే ఉంటుంది. బొద్దుగా ఉండే పిల్లాడు బక్కపలచగా కనిపిస్తాడు. ఫొటోని 1920×1080కి మార్చాకే పంచుకోండి.

పోలీసులకి ఇచ్చేది మాత్రం ఈ సరిచేసిన ఫొటో ఒక్కటే కాకూడదు. అసలు వీడియో ఫైల్ కూడా ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వాలి. తేదీ, సమయం, కెమెరా నంబరు అందులోనే ఉంటాయి. మానిటర్‌ని ఫోన్‌తో ఏటవాలుగా వీడియో తీసి పంపేవాళ్లున్నారు. మా డెస్క్‌కి వచ్చే క్లిప్పుల్లోనూ ఇవి చాలానే ఉంటాయి. వాటిని సరిచేయడం ఎవరి తరమూ కాదు.

ప్రింట్ ఎంత సైజు వేయించుకోవచ్చు?

ఇక్కడ కాస్త నిజం మాట్లాడుకోవాలి. డీవీడీ ఫ్రేమ్ 1024×576 అయినా అందులో అసలు సమాచారం 720×576 చుక్కలదే. నిలువు ఫొటో కావాలంటే ఎత్తు మొత్తం తీసుకున్నా 384×576 ముక్క వస్తుంది. దాన్ని 8×12 అంగుళాల సైజులో వేస్తే అంగుళానికి 48 చుక్కలే. దగ్గర నుంచి చూస్తే మసకే. 4×6లో వేస్తే అంగుళానికి 96 వస్తాయి, గోడ మీద పెట్టి నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఫర్వాలేదు. పెద్ద ఫ్రేమే కావాలంటే ఫొటో చుట్టూ వెడల్పాటి మౌంట్ కాగితం పెట్టించండి. చూడ్డానికి నిండుగా ఉంటుంది, ముఖమూ చెదరదు.

ల్యాబ్‌లో ఇంకో గండం ఉంది. 8×12, 4×6 కాగితాలు 2:3 నిష్పత్తిలో ఉంటాయి. మీ 16:9 ఫొటో దానికి సరిపోదు. ప్రింట్ తీసే కుర్రాడు హడావుడిలో 'ఫిట్ టు పేపర్' అని సాగదీసేస్తే మీరు ఇంతసేపు పడిన కష్టమంతా వృథా. ఇంటి దగ్గరే 2:3కి కత్తిరించి ఇవ్వండి. 'బ్రదర్, స్ట్రెచ్ చేయొద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి' అని నోటితో కూడా చెప్పండి.

మసకగా ఉందని ఏఐ యాప్‌లో వేసి హెచ్‌డీ చేయడం ఇప్పుడు ఫ్యాషన్. ఒకటి గుర్తుంచుకోండి, ఫ్రేమ్‌లో లేని వివరాన్ని ఆ యాప్ ఎక్కడి నుంచీ తేలేదు. కనుబొమ్మలు, పళ్లు, చర్మం మీది ముడతలు అదే ఊహించి గీస్తుంది. ముఖం మెరిసిపోతుంది, చూసినవాళ్లు 'ఎవరిదీ ఫొటో?' అంటారు. సాగిపోయిన ముఖాన్ని అలాగే ఏఐకి ఇస్తే మరీ దారుణం, ఆ కోల ముఖాన్నే అసలు ముఖం అనుకుని దానికి మెరుగులు దిద్దుతుంది. తప్పనిసరిగా వాడాలనుకుంటే ముందు నిష్పత్తి సరిచేసి, ఆ తర్వాత ఇవ్వండి. వచ్చిన ఫొటోని ఆ మనిషిని దగ్గరగా చూసిన ఒకరిద్దరికి చూపించి, వాళ్లు ఔనన్నాకే ప్రింట్‌కి పంపండి.

తీసిన ఫొటోని పీఎన్‌జీ రూపంలో దాచుకుంటే మళ్లీ మళ్లీ సేవ్ చేసినా క్వాలిటీ తగ్గదు. బంధువులకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, చుక్కలు తగ్గించకుండా వెళ్తుంది. ఫైల్ పేరులోనే ఏ డిస్కు, ఎన్నో నిమిషం అని రాసి పెట్టుకోండి. ఇంకో అన్నదమ్ముడికి అదే ఫొటో కావాల్సి వస్తే, మూడు గంటల వీడియో మళ్లీ మొదటి నుంచి తిప్పనక్కర్లేదు. డిస్కు మీద గీతలు పడటం మొదలైతే ఫొటో కంటే ముందు మొత్తం వీడియోని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.